చేదని బావి కంపు

బావి దగ్గరికి ఎవరు పిలిచినా నేను ముందు నీళ్లు చూడను. బొక్కెన పైకి రాగానే ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఖమ్మం, భద్రాచలం మధ్య అడవి అంచు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తగా సైకిలు వెనక బ్లీచింగ్ సంచి కట్టుకుని ఉద్యోగమంతా గడిపినవాడికి పట్టుకున్న అలవాటు ఇది. ఆకు కుళ్లిన వాసన ఒకటి. తుప్పు వాసన ఒకటి. కుళ్లిన కోడిగుడ్డు కంపు ఇంకొకటి. దేని పుట్టుక దానిదే. జనం మాత్రం అన్నిటికీ ఒకటే మాట అంటారు: "నీళ్లు కంపు గొడుతున్నయి సారూ, ఏదన్న మందెయ్యి."

ఆ మందు చరిత్రే ఇక్కడ చెప్పబోతున్నాను. చిల్లగింజ, ఉసిరి కొమ్మ, సున్నం, గులాబీ రంగు పర్మాంగనేట్, తెల్ల బ్లీచింగ్ పొడి: ప్రతి కాలమూ బావిలో ఏదో ఒకటి పోసింది, కంపు పోయిందనుకుంది. నా లెక్కలో వీటన్నిటికంటే ఎక్కువ పని చేసినవి రెండే. రోజూ చేదే బొక్కెన ఒకటి, ఎండాకాలంలో పూడిక తీసే పార ఒకటి.

మైదానం వైపు బావి చాలా పాతది. నేలకొండపల్లి దగ్గర బౌద్ధ విహారాల తవ్వకాల్లో బావులు బయటపడ్డాయి. ఖమ్మం ఖిల్లా దగ్గర మెట్లు దిగి నీళ్లు ముంచుకునే జాఫర్ బావి ఉంది. కిన్నెరసాని దాటి అడవిలోకి పోయేకొద్దీ బావి పలచబడేది. కోయ గూడేలకు తాలిపేరు, శబరి, కిన్నెరసాని, వాటిలో కలిసే పేరులేని వాగులే ఆధారం. వాగు ఎండితే ఇసుకలో చెలమ తీసేవాళ్లు. మొదట ఊరిన నీళ్లను సొరకాయ బుర్రతో బయటికి తోడి పారబోసి, కాసేపు ఆగి, తేటగా ఊరినవి కుండలోకి ముంచుకునేవాళ్లు. ఆ మొదటి నీళ్లు పారబోయడం ఎందుకని ఒక పెద్దామెను అడిగితే నా వంక జాలిగా చూసింది. "అవి నిన్నటియి గదా," అంది. నేను శిక్షణ తరగతిలో రాసుకున్న పాఠమంతా ఆ మాటలో ఉంది. చెలమ కంపు కొట్టదు. దాన్ని రోజూ కొత్తగా తీస్తారు. చుట్టూ ఉన్న ఇసుకే జల్లెడ. నీళ్లు నిలవవు.

గోదావరి గట్టున కొండరెడ్ల మధ్య ఉండి ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త రాసిన పుస్తకం 1945లో వచ్చింది. అందులో కనిపించే పోడు బతుకులో ఊరు ఒకేచోట పాతుకుని ఉండదు. పోడు జరిగితే గుడిసెలూ జరుగుతాయి. అలాంటి బతుకుకి ఒర దింపి, గట్టు కట్టి, తరతరాలు కాపాడుకోవాల్సిన బావితో పని తక్కువ.

మరి అడవిలోకి బావి ఎలా వచ్చింది? కచేరీతో వచ్చింది, ఠాణాతో వచ్చింది, కోమటి కొట్టుతో వచ్చింది, పొగాకూ మిరపా వేయడానికి కింది జిల్లాల నుంచి ఎడ్లబండ్లలో వచ్చిన రైతులతో వచ్చింది. భద్రాచలం ప్రాంతాన్ని 1860లో నిజాం బ్రిటిష్ వాళ్లకు వదులుకున్నాడు. 1874లో అది గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. గోదావరికి ఇటు ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ నిజాం రాజ్యంలో ఉంటే అటు ఒడ్డున రాములవారి గుడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సర్కార్లు మారినప్పుడల్లా కొత్త ఆఫీసులు, కొత్త ఇళ్లు, వాటి పెరట్లో కొత్త బావులు. తవ్వడానికి వడ్డెరలు, ఒరలు కాల్చడానికి కుమ్మరులు. బావి నాలుగు గోడల మధ్యకు వచ్చిందంటే నీళ్లు నిలవడం మొదలైందన్నమాట. కంపు చరిత్ర కూడా అక్కడే మొదలు.

దీనికి తోడు నేల ఒకటి. 1871లో ఇల్లందు దగ్గర జియలాజికల్ సర్వే మనిషి విలియం కింగ్ బొగ్గు ఆనవాలు పట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది, 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు కింద ఉన్నవి బొగ్గు పొరలు నిండిన గోండ్వానా ఇసుకరాళ్లు. బొగ్గు ఉన్నచోట గంధకం, ఇనుము కలిసిన పసుపు మెరుపు రాయి తగులుతుంది. ఆ రాతి మీదుగా ఊరే నీళ్లకు ఇనుము రుచి, ఎర్ర చార, ఒక్కోసారి కోడిగుడ్డు కంపు సహజం. ఇలాంటిచోట ఇల్లాలు ఎంత శుభ్రంగా ఉన్నా నీళ్లకు వాసన తప్పదు. ఈ మాట చెప్పకుండా "మీరు బావి సరిగ్గా ఉంచుకోవట్లేదు" అని ఆడవాళ్లను కసిరే ఉద్యోగులను చూసి నాకు ఒళ్లు మండేది.

కోడిగుడ్డు కంపు తయారయ్యే తీరు చెప్పాలి. బావి అడుగున రాలిన ఆకు, కొట్టుకొచ్చిన మట్టి, పడి చచ్చిన కప్ప పేరుకుంటాయి. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలో ఉన్న గాలిని ముందు తినేస్తాయి. గాలి అయిపోయాక బతికే మరో రకం జీవులు నీళ్లలో కరిగిన సల్ఫేటును పట్టుకుని బతుకుతాయి, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వదులుతాయి. లీటరులో 0.05 మిల్లీగ్రాములున్నా మన ముక్కు పట్టేస్తుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సల్ఫైడుకు పెట్టిన హద్దు కూడా అంతే. రోజూ చేదే బావిలో కొత్త ఊట వస్తుంది, ఊటతో గాలి వస్తుంది, బొక్కెన పడి లేచినప్పుడల్లా నీళ్లు కదులుతాయి. ఈ జీవులకు అది పడదు. మీద పలక మూసి, చేదడం మానేసి, పక్కన చింతచెట్టు పెంచితే వాటికి అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఇక మందులు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంవాడు. ఆయన బృహత్సంహితలో భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పే దకార్గళం అనే అధ్యాయం ఉంది. బావి తవ్వేవాళ్లకు చెట్లు, పుట్టలు చూసి నీటి జాడ చెప్పడం దాని పని. చివర్లో మాత్రం ఆయన మా శాఖ పని చేశాడు. అంజనం, తుంగముస్తలు, వట్టివేరు, బీర జాతి కాయ, ఉసిరిక, చిల్లగింజ కలిపి పొడి చేసి బావిలో వేయమన్నాడు. మురికి నీళ్లు, చేదు నీళ్లు, ఉప్పు నీళ్లు, కంపు నీళ్లు అన్నీ బాగుపడి సువాసన వస్తాయన్నాడు. ఇందులో అంజనం తీసేస్తే మిగతావన్నీ మా వాగు ఒడ్డునో, అడవిలోనో, పెరట్లోనో దొరికేవే.

ఒక్కొక్కటి ఏం చేస్తుందో చూద్దాం. వట్టివేరు వాసనను కప్పుతుంది, తీసేయదు. తుంగముస్తలూ అంతే. ఉసిరికలో వగరు ఉంది, ఆ వగరు ఇనుమును పట్టుకుంటుంది. ఇనుప మూకుడులో ఉసిరి పచ్చడి నల్లబడ్డట్టే, ఇనుము ఎక్కువున్న బావిలో వేసిన ఉసిరి కొమ్మ కొన్నాళ్లకు నల్లబారుతుంది. తుప్పు రుచి కొంత తగ్గిందని ఇళ్లవాళ్లు చెప్పేది ఉత్త నమ్మకమని నేను కొట్టిపారేయను. అయితే ఒక కొమ్మతో ఎంత ఇనుము పోతుంది? కొన్నాళ్లకు ఆ కొమ్మే కుళ్లి కొత్త వాసన మొదలవుతుంది. వేసినవాళ్లకు తీయాలన్న సంగతి గుర్తుండదు.

చిల్లగింజది మాత్రం నిజమైన పనితనం. అడవిలో చిల్లచెట్టు కాయ పండి రాలుతుంది, గుజ్జు పోయాక గుండ్రటి గింజ మిగులుతుంది. మట్టికుండ లోపలి గరుకు గోడకు నాలుగు తడవలు అరగదీసి మురికి నీళ్లు పోస్తే, బురద ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. గింజలోని జిగురు పదార్థాలు మట్టి రేణువులను ఒకదానికొకటి అంటిస్తాయి. పటిక చేసే పనే ఇది. సుశ్రుతుడికి తెలుసు, మనుస్మృతిలో ఉపమానంగా కూడా వాడారు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టినప్పటి నుంచి అడవి సరుకు కొనుగోలు చేస్తోంది. తప్సి జిగురు, ఇప్పపువ్వు, కుంకుడుకాయలతో పాటు చిల్లగింజ కూడా ఆ జాబితాలో ఉంది. సంతలో కోయ ఆడవాళ్లు గంపలో పోసుకుని తెచ్చేవాళ్లు. పక్క గంపలో విషముష్టి గింజలు ఉండేవి. రెండూ ఒకే జాతి చెట్లు, ఒకటి నీళ్లు తేటపరిస్తే రెండోదానిలో స్ట్రిక్నిన్ విషం. చిల్లగింజ బొద్దుగా గుండ్రంగా ఉంటుంది. విషముష్టి చొక్కా గుండీలా చప్పిడిగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. ఏరేవాళ్లెవరూ పొరపడరు. పట్నం నుంచి వచ్చి "ఆర్గానిక్" అని కొనుక్కుపోయేవాళ్ల సంగతే నాకు భయం.

అయినా చిల్లగింజ మురికిని తీస్తుంది, కరిగిన వాయువును తీయలేదు. బురదకు అంటుకున్న వాసన బురదతో పోతుంది. గాలిలా కరిగి ఉన్న కంపు అలాగే ఉంటుంది. కంపు నీళ్లను ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తు నుంచి ధారగా పోసి, రాత్రంతా గుడ్డ కట్టి ఉంచే ఆడవాళ్లు నాకు చాలా ఊళ్లలో కనిపించారు. వాళ్లకు రసాయనశాస్త్రం ఎవరూ చెప్పలేదు. గాలి తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంత ఎగిరిపోతుంది, కొంత విరిగి గంధకం అవుతుంది. నీళ్లలోని ఇనుము కూడా గాలి తగిలి ఎర్ర మడ్డిగా దిగుతుంది. మా అమ్మా ఇదే చేసేది. పొద్దున పై తేట వంచుకుని అడుగు మడ్డి తులసికోటలో పోసేది.

ఇంతవరకూ ఎవరి భయమైనా వాసన గురించే. పందొమ్మిదో శతాబ్దపు డాక్టర్లకూ అదే భయం. చెడ్డ గాలి వల్లే కలరా వస్తుందని నమ్మారు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా వచ్చినప్పుడు జాన్ స్నో ఆ వీధి పంపు నీళ్లను పట్టించాడు. ఆ నీళ్లు కంపు కొట్టలేదు, పైగా రుచిగా ఉండేవి. ఆ వీధి వదిలి దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక విధవరాలు ఆ రుచి మరవలేక రోజూ సీసాలో తెప్పించుకుని తాగి, కలరాతో పోయింది. ముక్కు చెప్పేది సాక్ష్యమే కానీ తీర్పు కాదని నేను శిక్షణకు వచ్చిన కుర్రాళ్లకు ఈ కథతోనే చెప్పేవాణ్ణి. మన దగ్గర దానికి జోడీ నారికురుపు. దిగుడు బావి నీళ్లు తేటగా, చల్లగా, ఏ వాసనా లేకుండా ఉండేవి. కాలు పుండులోంచి దారంలా బయటికొచ్చే పురుగుకు పుట్టిల్లు ఆ తేట నీళ్లే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. మెట్లు మూయించి, గుడ్డలో వడకట్టించి, చివరికి 2000 ఫిబ్రవరిలో దేశానికి ఆ పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది.

కలరా కాలంలో బావుల్లో పడ్డ మొదటి దొరల మందు పర్మాంగనేట్. 1890లలో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రవేత్త దాన్ని ప్రచారం చేశాడు. బొక్కెన నీళ్లలో కరిగించి బావిలో పోస్తే గులాబీ రంగు వస్తుంది. రంగు నిలిస్తే మందు సరిపోయినట్టు. సల్ఫైడు కంపును ఇది నిజంగానే చంపుతుంది. క్రిములను చంపడంలో మాత్రం అంత గట్టిది కాదు. గులాబీ నీళ్లంటే పిల్లలకు సరదా, పెద్దలకు అనుమానం.

తర్వాత బ్లీచింగ్ పొడి వచ్చింది. నా ఉద్యోగమంతా దీనిదే. కొత్తగా తెరిచిన సంచిలో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. ఎండకు, చెమ్మకు అది వారాల్లో తగ్గిపోతుంది. లెక్క ప్రకారం 1000 లీటర్లకు 2.5 గ్రాములు. బావి నీళ్లు లెక్కగట్టడానికి అడ్డం కొలిచి దాన్ని దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి నాలుగుతో భాగించి, లీటర్ల కోసం వెయ్యితో హెచ్చించాలి. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీరు ఉంటే 9,420 లీటర్లు. అంటే 24 గ్రాముల పొడి చాలు. చాలుతుందా? అక్కడే ఉంది మెలిక.

హారాక్స్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడి పేరుతో ఒక పెట్టె ఉండేది. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. ఒక్కో తెల్ల కప్పులో 200 మిల్లీలీటర్ల బావి నీళ్లు పోసి, నల్ల కప్పులో కలిపిన బ్లీచింగ్ ద్రావణాన్ని మొదటి కప్పులో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరు వరకు వేసి కలిపి అరగంట ఆగాలి. తర్వాత స్టార్చ్ అయోడైడ్ చుక్కలు వేయాలి. నీలిరంగు మొదట ఏ కప్పులో తిరిగిందో చూసి, ఆ అంకెను రెండుతో హెచ్చిస్తే 455 లీటర్లకు అన్ని గ్రాములు. చెలమ నీళ్లకు మొదటి కప్పే నీలం తిరిగేది. కంపు కొట్టే బావి నీళ్లు తెస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నీ తెల్లగా నా మొహం చూసేవి. అయిదోది నీలమైతే మనం చెప్పుకున్న బావికి 24 గ్రాములు ఏమూలకూ రావు, 200 గ్రాములు దాటాలి. వేసిన క్లోరిన్‌ను కుళ్లిన ఆకులు, ఇనుము, సల్ఫైడు ముందే మింగేస్తాయి. క్రిముల దాకా చేరేది ఏమీ మిగలదు. ఒక వంతు హైడ్రోజన్ సల్ఫైడును గంధకంగా మార్చడానికే రెండింతలకు పైగా క్లోరిన్ కావాలి. పూర్తిగా సల్ఫేటు చేయడానికి ఎనిమిదింతలు దాటుతుంది.

అందుకే కంపు బావిలో మందు వేస్తే జనం తిట్టేవాళ్లు. గంధకం విడిపోయి నీళ్లు పాలలా అయ్యేవి. ఇనుమున్నచోట ఎర్రబడేవి. అన్నం రంగు మారేది. పైన క్లోరిన్ ఘాటు. "మా కంపు నీ కంపుతో పోగొట్టినవా?" అని పాల్వంచ వైపు ఒక గూడెంలో ముసలాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. అదే గూడెం నుంచి ఆడవాళ్లు ఆ పూట బిందెలు తీసుకుని వాగుకి పోయారు. మందు వేసిన బావి మానేసి, మందు లేని వాగు నీళ్లు తాగారు. మా రిజిస్టర్లో మాత్రం "క్లోరినేషన్ చేయబడినది" అని పడింది. కాగితం మీద ఊరంతా శుభ్రం.

నాగపూర్ నీరీ సంస్థ వాళ్లు జంటకుండల పద్ధతి కనిపెట్టారు. కిలో బ్లీచింగ్, రెండు కిలోల దొడ్డు ఇసుక కలిపి చిల్లున్న చిన్న కుండలో పోసి, దాన్ని ఇంకో చిల్లు కుండలో పెట్టి, నీటి మట్టానికి ఒక మీటరు కిందకు వేలాడదీస్తే రెండు మూడు వారాలు మందు కొంచెం కొంచెంగా ఊరుతుంది. చిన్న ఇంటి బావికి ఇది మంచి ఉపాయం. ఘాటు ఉండదు. కానీ అడుగున పూడిక ఉంటే ఇదీ దండగే.

పూడిక గురించి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు అడుగంటినప్పుడు తీసేవాళ్లు. ముందురోజే నీళ్లన్నీ తోడేవాళ్లు. పొద్దున కందిలి వెలిగించి తాడుతో దింపేవాళ్లు. ఆరితే ఎవరూ దిగకూడదు. వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించేవాళ్లు, నీళ్లు ఎత్తు నుంచి చిమ్మేవాళ్లు, లోపలి గాలి కదలడానికి. ఒక మనిషి అడుక్కి దిగి పారతో గంపకెత్తితే పైన నలుగురు లాగేవాళ్లు. బయటికి వచ్చే బురద కాటుకంత నల్లగా, ముక్కు బద్దలయ్యే కంపుతో ఉండేది. దాన్ని పెరట్లో పోసి మర్నాడు చూస్తే గోధుమ రంగు తిరిగి వాసన దాదాపు పోయి ఉండేది. నలుపంతా ఇనుము సల్ఫైడు. గాలి తగిలితే తుప్పుగా మారుతుంది. బురదలో దొరికేవి చూడాలి: తెగిన చేంతాళ్లు, ఇత్తడి చెంబు, పాతాళగరిగెకు చిక్కని బొక్కెనలు, చచ్చిన తాబేలు. బావి శుభ్రంగా ఉంటుందని తాబేలును వదిలే అలవాటు మా వైపు ఉంది. అది చచ్చాక చేసే శుభ్రం గురించి ఎవరూ ఆలోచించరు. చివర్న గోడలకు సున్నం, గట్టుకు పసుపు కుంకుమ, గంగమ్మకు కొబ్బరికాయ. కొత్త ఊట రెండు రోజులు తోడి పారబోసి, మూడోరోజు నుంచి తాగేవాళ్లు. వాసన ఉండేది కాదు.

ఈ పని చేసినవాళ్లకు దక్కిన మర్యాద సంగతీ రాయాలి. బావిలోకి దిగి నల్ల బురద ఎత్తడానికి పనికొచ్చిన మనిషి, మర్నాడు అదే బావి గట్టెక్కి నీళ్లు చేదుకోవడానికి పనికిరాని ఊళ్లు నేను చూశాను. ఆయన దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. బ్లీచింగ్ పొడికి అందని కంపు అది.

ఇంకో సంగతి. కందిలి పరీక్ష ప్రాణవాయువు ఉందో లేదో చెబుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు ఉందో లేదో చెప్పదు. ఆ వాయువు గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. కంపు ఆగిపోయిందంటే గాలి బాగుపడిందని కాదు, ప్రాణం మీదికొచ్చిందని. లోపల పడ్డవాణ్ణి తీయబోయి రెండోవాడు, వాణ్ణి తీయబోయి మూడోవాడు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. నేను అప్పుడు ఉద్యోగానికి కొత్త. నీళ్లు తీశాక ఒడ్డు ఊళ్లలో బావి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గట్టు మునిగి, ఒండ్రు నిండి, లోపల పశువు కళేబరం. మందు వేయమని పైనుంచి ఉత్తర్వు. అలాంటి బావిలో సంచి మొత్తం గుమ్మరించినా ఏం లాభం? ముందు తోడి, ఒండ్రు ఎత్తి, గోడలు గీకి, తర్వాత గట్టి మోతాదు వేసి ఒక రోజంతా వదిలి, మళ్లీ తోడి పారబోయాలి. అలా చేసినచోట వాసన పోయింది. ఉత్త మందు చల్లినచోట నెల తిరక్కుండా మళ్లీ పిలుపు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు నేను పదవిలో లేను. ఫోను చేసిన కుర్రవాడికి ఇదే చెప్పాను.

కోడిగుడ్డు కంపును శత్రువుగా చూడటమే కాదు, సాక్షిగా కూడా వాడుకోవచ్చని గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థలో మాంజా, ఆయన సహచరులు 1982లో చూపించారు. సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీళ్లలోని క్రిములు అదే వాయువు వదిలి సీసాను నల్లగా చేస్తాయి. కరెంటు లేని గూడెంలో చొక్కా జేబులో పెట్టుకుని ఒంటి వేడితో చేయగలిగిన పరీక్ష అది. నల్లబడ్డ సీసా చూపిస్తే ఊరివాళ్లకు ఉపన్యాసం అక్కర్లేకపోయేది.

ఎనభైల్లో బోరింగులు వచ్చాయి. ఇండియా మార్క్ 2 పంపు గూడేలకు చేరింది. వాటి ఇనుప పైపులు తుప్పు పట్టి పొద్దున మొదటి బిందె ఎర్రగా వచ్చేది. అయినా పంపు కొట్టడం తేలిక, బావి వెనకబడింది. 2016 ఆగస్టు 7న కోమటిబండలో మిషన్ భగీరథ మొదలై ఇళ్లలోకి నల్లా వచ్చింది. మంచిదే. తల మీద రెండు బిందెలతో అడవి దారిలో నడిచే ఆడపిల్లలు తగ్గారు. పాత రోజులు బంగారమని నేను అనను.

కానీ నల్లా రాని రోజు జనం మళ్లీ పెరటి బావి మూత తెరుస్తారు. అది ఏళ్ల తరబడి ఎవరూ చేదని బావి. మూత తీయగానే కంపు. వెంటనే నాకో, నాలాంటి ఇంకొకరికో ఫోను: ఏ మందు వెయ్యాలి? కొందరైతే అడగను కూడా అడగరు. ఇంటి చెత్త, పాత కాంక్రీటు, కోళ్లఫారం వ్యర్థం వేసి పూడ్చేస్తారు. అలా పూడ్చిన బావి వాళ్ల కళ్లకు కనపడదు కానీ, కింది ఊటలో కలిసి పక్కింటి బోరులో తేలుతుంది.

పాత బావి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మోటారు పెట్టి నీళ్లు పూర్తిగా తోడించండి. పూడిక తీయించాలంటే లోపలికి గాలి కొట్టే యంత్రం, నడుముకు తాడు, పైన కనీసం ముగ్గురు లేకుండా ఎవర్నీ దించకండి. పూడిక పోయాకే బ్లీచింగ్ వేయండి, అదీ కొత్త సంచిలోది. మరుగుదొడ్డి గుంత బావికి 15 మీటర్ల లోపు ఉంటే ఏ మందూ పనిచేయదు, గుంతను మార్చండి. ఆ తర్వాత వాడినా వాడకపోయినా రోజూ కొన్ని బొక్కెనలు తోడి మొక్కలకు పోయండి. అది కుదరదు, పూడ్చేస్తాం అంటే శుభ్రమైన మట్టితో పూడ్చండి, చెత్తతో మాత్రం వద్దు.